ఒక్కరాత్రిలో ప్లేట్‌లెట్లు 38 వేల నుంచి 2 లక్షలకు పెరుగుతాయా?

మీరు అడిగింది ఇదీ: నిన్నటి సీబీసీలో (రక్తకణాలను లెక్కపెట్టే పరీక్ష) ప్లేట్‌లెట్లు 38 వేలు, ఈరోజు 2 లక్షల 10 వేలు. మధ్యలో ఏమీ ఎక్కించలేదు, జ్వరం లేదు, ఒంటి మీద ఎర్రమచ్చలు లేవు. రక్తకణాలు అంత వేగంగా తయారవుతాయా అని.

తయారవవు. ఇలాంటి చోట రక్తకణాలు పుట్టే ఎముక మజ్జ కన్నా ముందు రక్తం పట్టిన ట్యూబును అనుమానించాలి.

కావాలంటే లెక్క వేయండి. తేడా మైక్రోలీటరుకు 1 లక్షా 72 వేలు. పెద్దవాళ్లలో రక్తం సుమారు 5 లీటర్లు, అంటే 50 లక్షల మైక్రోలీటర్లు. గుణిస్తే 86 వేల కోట్ల ప్లేట్‌లెట్లు. మామూలుగా మజ్జ రోజుకు పంపేది 10 వేల కోట్ల చిల్లర. పైగా పంపినవాటిలో మూడో వంతు ప్లీహంలో ఆగిపోతాయి. అంటే వారం పైచిలుకు పని ఒక్కరాత్రిలో జరగాలి.

మజ్జను తొందరపెట్టినా లాభం లేదు, తయారయ్యే పద్ధతే అలాంటిది. ప్లేట్‌లెట్ అసలు పూర్తి కణం కాదు, మెగాకారియోసైట్ అనే పెద్ద కణం నుంచి తెగిపడిన ముక్క. ఆ కణం విడిపోకుండానే తన డీఎన్ఏను రెట్టింపు మీద రెట్టింపు చేసుకుంటూ ఉబ్బుతుంది. ఎర్రకణం 7–8 మైక్రాన్లుంటే ఇది 50 దాటిపోతుంది. తర్వాత మజ్జలోని రక్తనాళాల సందుల్లోంచి పొడవాటి తోకలు బయటికి చాపుతుంది, రక్త ప్రవాహం ఆ తోకల్ని తుంపుతుంది. ఒక్కో మెగాకారియోసైట్ నుంచి వెయ్యి మొదలు మూడు వేల దాకా ప్లేట్‌లెట్లు వస్తాయి. కాలేయం నుంచి వచ్చే త్రాంబోపోయిటిన్ అనే హార్మోన్ గట్టిగా ఉసిగొల్పినా ఆ కణం ముదరడానికే రోజులు పడుతుంది.

రక్తకణాల పుట్టుక గురించి ఏ పుస్తకం తెరిచినా అదే చెట్టు బొమ్మ: పైన మూలకణం, కింద కొమ్మలు, బాణాలు. బాణాలు సరే, ఏ బాణానికి ఎన్ని రోజులో ఎవరూ రాయరు. అసలు పనికొచ్చేది ఆ లెక్కే. ఎర్రకణం మజ్జలో తయారవడానికి వారం. కేంద్రకాన్ని బయటికి నెట్టేసి రెటిక్యులోసైట్‌గా, అంటే లేత ఎర్రకణంగా, రక్తంలోకి వచ్చాక ఒకటి రెండు రోజుల్లో ముదురుతుంది, 120 రోజులు బతుకుతుంది. ప్లేట్‌లెట్ బతికేది 7–10 రోజులు. న్యూట్రోఫిల్ అనే తెల్లకణం రక్తంలో ఉండేది కొన్ని గంటలే, కానీ మజ్జలో వాటి నిల్వ పెద్దది. అందుకే తెల్లకణాల సంఖ్య పొద్దున్నొకలా సాయంత్రమొకలా ఉన్నా నమ్మొచ్చు. ఐరన్ మాత్రలు మొదలుపెట్టిన నాలుగో రోజే హిమోగ్లోబిన్ చూపించుకుని పెరగలేదని మానేసేవాళ్లను మాత్రం ఏమనాలో తెలియదు. అప్పటికి రెటిక్యులోసైట్లే ఇంకా పూర్తిగా లేవలేదు.

ఇక ట్యూబు సంగతి. సీబీసీకి వాడే ఊదారంగు మూత ట్యూబులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. అది కాల్షియంను పట్టేసి రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది. రక్తం తీయగానే ట్యూబును మెల్లగా 8–10 సార్లు తలకిందులు చేయాలి, కుదపకూడదు. నరం దొరక్క సూదితో వెతికినా, రక్తం బొట్లుబొట్లుగా దిగినా, కలపడం ఆలస్యమైనా అడుగున చిన్న గడ్డ పడుతుంది, ప్లేట్‌లెట్లు అందులో ఇరుక్కుంటాయి.

ట్యూబులో జరిగే రెండో రకం తేడా ఇంకా తమాషా. కొందరి రక్తంలో ఒంట్లో ఉన్నంతసేపూ ఏ హానీ చేయని యాంటీబాడీలు ఉంటాయి. ఈడీటీఏ కాల్షియంను లాగేశాక ప్లేట్‌లెట్ పైపొర రూపు మారుతుంది, ఆ యాంటీబాడీలు దానికి అతుక్కుని ప్లేట్‌లెట్లను గుంపులు కట్టిస్తాయి. ట్యూబు బల్ల మీద ఎంతసేపు ఉంటే అంత ఎక్కువ గుంపులు. మెషీన్ కణాలను సైజును బట్టి లెక్కపెడుతుంది కాబట్టి పెద్ద గుంపు దానికి ప్లేట్‌లెట్‌గా కనిపించదు.

స్లైడు మీద దీన్ని పట్టుకోవడం తేలిక. స్మియర్ (స్లైడు మీద పలచగా పూసిన రక్తం) చివర, పలచబడి ఈకలా ముగిసే అంచు దగ్గర చూడాలి, గుంపులు అక్కడికే కొట్టుకొస్తాయి. ఎర్రకణాల మధ్య ఊదారంగు రవ్వలు ఇరవై ముప్పై ఒక్కచోట ముద్దగా కనిపిస్తాయి. ఒక్కోసారి న్యూట్రోఫిల్ చుట్టూ బెల్లానికి చీమలు పట్టినట్టు వలయంగా చేరతాయి. గుంపులు లేకపోతే 100 ఎక్స్ లెన్సు కింద పది చోట్ల లెక్కపెట్టి, సగటును 15 వేలతో గుణిస్తే అంచనా వస్తుంది. చోటుకు 14 కనిపిస్తే 2 లక్షల 10 వేలు. ఐదు నిమిషాల పని. ఇది చేయకుండా 38 వేలని అచ్చేసి ఇవ్వడం, అడుగున ఎవరూ చదవని సైజులో 'క్లంప్స్ (గుంపులు) కనిపించాయి' అని ఒక ముక్క రాసి ఊరుకోవడం నాకు నచ్చని విషయం.

గుంపులు కనిపిస్తే లేత నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీయించి వెంటనే లెక్కపెట్టించాలి. అందులో 9 వంతుల రక్తానికి 1 వంతు ద్రవం కలుస్తుంది కాబట్టి వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. ఇది మరిచిపోతే పది శాతం తక్కువ కనిపిస్తుంది. కొద్దిమందికి సిట్రేట్‌లోనూ గుంపులు కడతాయి, అలాంటప్పుడు తీసిన నిమిషాల్లోనే లెక్క ముగించాలి.

అయితే తక్కువ అంకె వచ్చిన ప్రతిసారీ ట్యూబు మీదకు నెట్టేయకండి. చిగుళ్ల నుంచి రక్తం, కాళ్ల మీద సూదిమొన లాంటి ఎర్రచుక్కలు, కారణం లేకుండా కమిలిన మచ్చలు ఉంటే 38 వేలు నిజమే అనుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇప్పుడు మీ రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి తెల్లకణాల వరుస చూడండి. ప్లేట్‌లెట్ల గుంపును మెషీన్ కొన్నిసార్లు తెల్లకణంగా లెక్కేస్తుంది. నిన్న ఆ అంకె కాస్త ఎక్కువగా ఉండి ఈరోజు తగ్గి ఉంటే, తప్పిపోయిన ప్లేట్‌లెట్లలో కొన్ని ఆ వరుసలో చేరి ఉండొచ్చు.