నీ కుట్టు ఎంతవరకు వచ్చింది?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బొంతల కుట్టు మీద పాఠాలు రాస్తానంటున్నావు, రాయి. కానీ “5 ఏళ్లుగా కుడుతున్నాను, 11 బొంతలు పూర్తి చేశాను, నేర్పేంత పనితనం ఉన్నట్టేనా?” అని అడిగావు చూడు, ఆ లెక్కల్లో ఏమీ తేలదు. వచ్చిన పనే 11 సార్లు చేసి ఉండొచ్చు.

ఒక పని చెయ్యి. 2.5 అంగుళాల చదరాలు 9 కత్తిరించి, పావు అంగుళం కుట్టుకు వదిలి, మూడు వరసలుగా కలుపు. ఇలా ముక్కలు కలిపిన చదరాన్నే బ్లాకు అంటాం, వీటిని చేరిస్తేనే బొంత. ఇస్త్రీ చేసి స్కేలు పెట్టు. ఒక్కో వైపు 6.5 అంగుళాలు రావాలి. 6.25 వచ్చిందనుకో, ఒక్కో కుట్టు 1/16 అంగుళం లోపలికి పడిందేమో. అది అటు ముక్కలోనూ ఇటు ముక్కలోనూ పోతుంది, వరసకు కుట్లు రెండు. కంటికి ఆనని తేడా. అదే 8 బ్లాకులు పక్కపక్కన చేర్చేసరికి 2 అంగుళాలు మాయం.

కొలత తప్పిందని టెన్షన్ పడకు, నాకూ తప్పుతుంది. ఎందుకు తప్పిందో పట్టుకో. కత్తిరింపులోనే తేడానా? కుట్టు దగ్గర గుడ్డ మడత పడినచోట కాస్త పోయిందా? ఇస్త్రీపెట్టెతో అద్దాల్సింది పోయి రుద్ది సాగదీశావా? కుట్టు విప్పకముందే కారణం చెప్పగలిగితే నీకు పని వచ్చినట్టే లెక్క.

అన్నీ ఒకేలా రావు కూడా. నాకు అతుకుల మూలలు చక్కగా కలుస్తాయి. పై గుడ్డ, మధ్యలో మెత్త, వెనక గుడ్డ, ఈ మూడు పొరలూ కలిపి మెషిన్ మీద కుట్టేటప్పుడు మాత్రం వెనక గుడ్డ ఇప్పటికీ ముడత పడుతుంది. దాని మీద నేను పాఠం రాయను.

ఇంకో సంగతి. ఒకసారి త్రికోణాల బ్లాకు గురించి రాసి, పైన “తేలిక” అని పెట్టాను. నాకు తేలికే మరి! చదరాన్ని ఐమూలగా కోస్తే ఆ అంచు లాగితే సాగుతుంది. లాగకూడదని నా చేతులకు తెలుసు కాబట్టి రాయడమే మర్చిపోయాను. ఒకావిడ తను కుట్టిన బ్లాకు పంపింది. అంచులు అలలు తిరిగి, మొనలన్నీ కుట్టులోకి పోయి ఉన్నాయి. అప్పటినుంచీ పాఠం రాశాక, ఎప్పుడూ సూది పట్టనివాళ్లకిచ్చి, పక్కన నోరు మూసుకుని కూర్చుంటున్నాను. అదే కష్టం.

ఆ 9 ముక్కల బ్లాకు కుట్టి ఫొటో పంపు, వెనకవైపుది. కొలత ఎంత వచ్చిందో అంతే రాయి.