బయోన్‌లో మిరపకాయలు, నురగ చాక్లెట్

ప్రశ్న: జూలైలో పారిస్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. అక్కణ్ణుంచి బయోన్ అనే బాస్క్ ఊరు (ఫ్రాన్స్‌లో స్పెయిన్ సరిహద్దు దగ్గర, బాస్క్ జాతివాళ్లుండే ప్రాంతం) చూడాలని మావారి కోరిక. మేం శాకాహారులం. తిండి దొరుకుతుందా అని టెన్షన్.
– ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: వెళ్లి రండమ్మా. రైల్లో సుమారు నాలుగు గంటలు. జూలైలో ఐదు రోజులు అక్కడ పెద్ద జాతర, 1932 నుంచీ జరుగుతోంది. ఊరంతా తెల్లబట్టలు, ఎర్ర రుమాళ్లు. ఆ రోజుల్లో గది దొరకడం కష్టం, తేదీలు చూసుకుని టికెట్లు తీసుకోండి.

నీవ్ నది వచ్చి అదూర్ నదిలో కలిసేది అక్కడే. నీవ్ గట్టున ఎరుపు, ఆకుపచ్చ కిటికీ తలుపుల ఇళ్లు. ఆ వరసలోనే బాస్క్ మ్యూజియం. మేం వెళ్లినప్పుడు మావారు ముందు అక్కడికే లాక్కెళ్లారు, నా మనసేమో చాక్లెట్ మీద. స్పెయిన్, పోర్చుగల్ నుంచి తరిమేస్తే వచ్చిన యూదులు 17వ శతాబ్దంలో ఆ విద్య తెచ్చారట. కాజెనావ్ కొట్లో కప్పు పైదాకా నురగ లేచిన చాక్లెట్, పక్కన వెన్న రాసిన రొట్టె ఇస్తారు. మన ఇరానీ చాయ్‌లా గబగబా తాగేది కాదు.

తిండికొస్తే, ఆ ఊరికి పేరు తెచ్చింది పంది మాంసమే. 'పిపెరాద్' అని టమాటా, మిరపకాయల కూర ఉంటుంది, అందులోనూ చాలాసార్లు గుడ్డు, మాంసం వేస్తారు. అడిగి తినండి. దగ్గర్లోని ఎస్‌పెలెట్ ఊళ్లో మిరపకాయలు గోడలకు దండలుగా ఎండుతుంటాయి. మా గుంటూరు వదిన ఆ పొడి నాలిక మీద వేసుకుని, "ఇదేంటే, రంగు తప్ప కారమేదీ?" అంది. పచ్చడి సీసా తీసుకెళ్లండి.