ఆపరేషన్ తర్వాత ఏం చేయాలి, ఎవరి మాట నమ్మాలి?

చిరంజీవి వంశీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. తిరుపతి రుయా ఆసుపత్రిలో నీకు సర్జరీ పోస్టింగ్ మొదలైందని, ఆపరేషన్ అయిన పేషెంట్ల దగ్గర నిలబడితే టెన్షన్‌గా ఉంటోందని మీ అమ్మ చెప్పింది. సర్జరీలో పైచదువు చదివే డాక్టరు, అదే మీ పీజీ, ఒకటి చెప్తాడు, పుస్తకంలో ఇంకోటి ఉంటుంది, ఫోన్‌లో వెతికితే మూడోది వస్తుంది. ఇన్నేళ్ళు సర్జరీ చేసి, చెప్పి, నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. పుస్తకం కన్నా ముందు కేస్ షీట్ తెరువు. అందులో ఆపరేషన్ నోట్స్ చదువు.

ఎందుకు కోశారు, లోపల ఏం కనబడింది, పేగు కలిపి కుట్టారా, లోపలి ద్రవం బయటికి రావడానికి గొట్టం (డ్రైన్) పెట్టారా, చివర్లో ఏం ఆర్డర్లు రాశారు. ఇవి తెలియకపోతే ఎంత పెద్ద గైడ్‌లైన్ చదివినా నీకు పనికిరాదు. ముందుజాగ్రత్తగా ఇచ్చే యాంటీబయాటిక్‌ని ఆపరేషన్ ముగిశాక పొడిగించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గట్టిగానే చెప్పింది. అది చదువుకొని వార్డుకెళ్తావు. పక్కపక్క మంచాల్లో ఇద్దరుంటారు, ఇద్దరికీ అపెండిక్స్ ఆపరేషనే. ఒకరికి మందు ఆపేశారు, ఇంకొకరికి ఇంకా ఎక్కిస్తున్నారు. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు నాయనా. రెండో మనిషికి అపెండిక్స్ పగిలి కడుపులో చీము చేరింది. అతనికి ఇస్తున్నది వైద్యం, ముందుజాగ్రత్త కాదు. ఆ తేడా నీకు ఆపరేషన్ నోట్స్‌లోనే దొరుకుతుంది.

జ్వరం వస్తే ఎన్నో రోజో లెక్కపెట్టు. మొదటి 48 గంటల్లో వచ్చేది చాలాసార్లు కోతకు ఒళ్ళు స్పందించడమే. పేగు కలిపి కుట్టిన మనిషికి ఐదో రోజున జ్వరం, నాడి 120, కడుపుబ్బరం కనబడితే మాత్రం కుట్టు దగ్గర లీకయిందేమో అనుకోవాలి. అప్పుడు ఏ పుస్తకమూ తిప్పొద్దు, పరుగెత్తి పీజీని పిలువు. చదువు రాత్రికి.

చదివేటప్పుడు ఎవరు రాశారు, ఏ సంవత్సరం, ఏ ఆపరేషన్ గురించి అని చూసుకో. సీనియర్లు వాట్సాప్‌లో పంపే పీడీఎఫ్‌లలో చాలావాటికి ఈ మూడూ ఉండవు. మొదటిరోజు జ్వరానికి ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకోవడమే కారణమని తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2011 నాటి సమీక్షలో ఆ రెండింటికీ సంబంధం దొరకలేదు. ఆ పాత మాట మాత్రం నోట్స్‌లో ఇంకా నడుస్తూనే ఉంది. ఎందుకు అనే ప్రశ్నకు బెయిలీ అండ్ లవ్ సర్జరీ పాఠ్యపుస్తకం చదువు. ఎప్పుడు తినిపించాలి, ఎప్పుడు నడిపించాలి అన్నదానికి ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకోవడం మీద పనిచేసే ఈరాస్ సొసైటీ గైడ్‌లైన్లు, గాయం సంగతికి బ్రిటన్‌లో వైద్య గైడ్‌లైన్లు రాసే నైస్ సంస్థవి, మన దేశపు పరిస్థితులకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చికిత్సా విధానాలు చూడు. పాఠ్యపుస్తకం తప్ప మిగతావన్నీ ఉచితంగానే దొరుకుతాయి.

అయితే వాటిని మన పేషెంటుకు అన్వయించుకోవాలి. 48 గంటల తర్వాత షవర్ కింద స్నానం చేయొచ్చని నైస్ అంటుంది. పలమనేరు అవతల పల్లెకు వెళ్ళే మనిషి ఏ నీళ్ళతో, ఎక్కడ స్నానం చేస్తాడో అడగకుండా ఆ మాట చెప్పేయకు. అడిగి, యూనిట్‌లో కనుక్కొని చెప్పు.

పథ్యం మాట నీకు రోజూ ఎదురవుతుంది. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వద్దని, వారాల తరబడి మనిషికి చారన్నమే పెడతారు. పుండు మానాలంటే మాంసకృత్తులు కావాలి, అవి ఆ పప్పులో, గుడ్డులోనే ఉన్నాయి. అలా పథ్యం పెట్టే ఇంటి ముసలామెను కసురుకోవద్దు. ఎప్పట్నించి ఏం తినొచ్చో డాక్టరు చేత చెప్పించి, ఆమె ముందే ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వు. కుప్పం, నగరి వైపు వాళ్ళకు తమిళమే నయమనిపిస్తే తమిళం వచ్చిన సిస్టర్‌ని పిలుచుకో. తెల్లకోటు చూసి వరండాలో నిన్ను ఆపి అడుగుతారు. నీ అంతట నువ్వు జవాబు చెప్పొద్దు, "అడిగి వచ్చి చెప్తానమ్మా" అను. అన్నాక తప్పకుండా వెళ్ళి చెప్పు.

నైట్ డ్యూటీ సిస్టర్ పక్కన ఒక రాత్రి కూర్చో. యూరిన్ బ్యాగ్ గీతల దగ్గరికి వంగి చూసి, గంటకెంత వచ్చిందో చార్టులో రాయడం నేర్చుకో. కిలోకి గంటకు అర మిల్లీలీటరు, అంటే 60 కిలోల మనిషికి 30. వరసగా రెండు గంటలు తగ్గిందంటే ఆమె ఫోన్ చేస్తుంది. ఎవరికి, ఏమని చెప్తుందో విను.

మీ చీఫ్ ఆర్డరు గైడ్‌లైన్‌కు భిన్నంగా కనబడితే రౌండ్స్ అయ్యాక వెళ్ళి, "సార్, అందులో ఇలా ఉంది, ఈ పేషెంటుకు ఎందుకు మార్చాం?" అని అడుగు. నిజంగా తెలుసుకోవాలని అడిగేవాడికి చాలామంది ఓపిగ్గా చెప్తారు. చెప్పిన కారణాన్ని తేదీతో రాసుకో. పేషెంటు పేరు రాయకు, కేస్ షీట్ ఫోటో తీయకు.

దసరాకి చిత్తూరు వచ్చినప్పుడు నా బీరువాలో పాత ఎడిషన్లు పట్టుకుపోవాలని చూడకు. కొత్తది కొనుక్కో, డబ్బులు నేను పంపుతా.

మీ పెద్దమ్మ