ట్యాంకు సర్దాక ఆ నెల రోజులు

చి. రవికి, మామయ్య ఆశీస్సులు.

నీ చేపల ట్యాంకు ఫోటో చూశాను. కొత్త గులకరాళ్లు, ఆ చెక్క మోడు, వెనక మొక్కలు అన్నీ బాగా అమర్చావు. కానీ నీళ్లు పాలు కలిపినట్టున్నాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మురికనుకుని ట్యాంకంతా మళ్లీ ఖాళీ చేయకు నాయనా, మిగిలిన కాస్త బలమూ పోతుంది.

చేపల విసర్జన, మిగిలిన మేత అమ్మోనియా అవుతాయి. దాన్ని నైట్రైటుగానూ, ఆపైన నైట్రేటుగానూ మార్చే బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజికీ రాళ్లకీ పట్టుకుని ఉంటుంది, నీళ్లలో పెద్దగా ఉండదు. పాత రాళ్లు తీసేశావు, స్పాంజిని కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా పిండావు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లలో క్రిముల కోసం కలిపే క్లోరిన్ మిగతాదాన్నీ దెబ్బతీసింది. మళ్లీ కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఇకపై స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్ల బకెట్‌లో రెండుసార్లు పిండు, చాలు. గోధుమరంగు మడ్డి దిగిపోవాలి, స్పాంజి మాత్రం ఇంకా మట్టిరంగులోనే కనిపించాలి.

ఇవాళే చుక్కల మందుతో చూసే అమ్మోనియా కిట్ కొను. రంగు పసుపుగా ఉంటే సరే. ఆకుపచ్చ తిరిగి 0.5 పీపీఎం (లీటరుకు అర మిల్లీగ్రాము) చూపిస్తే 30 శాతం నీళ్లు మార్చు, 1 దాటితే సగం. మొదటి రెండు వారాలు రోజూ చూడు. మీ ట్యాంకు 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు కాబట్టి రాళ్లు పోను నీళ్లు దాదాపు 100 లీటర్లు. అంటే 30 శాతానికి రెండు బకెట్లు.

కుళాయి నీళ్లకు హైపో, అంటే క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్, తప్పదు. 100 గ్రాముల పలుకులు లీటరు నీళ్లలో కరిగించి సీసాలో ఉంచుకో, 10 లీటర్లకు 1 మి.లీ. చొప్పున బకెట్‌లోనే కలిపి తర్వాత పోయి. బోరు నీళ్లయితే హైపో అక్కర్లేదు గానీ, రాత్రంతా ఎయిర్ పంపు పెట్టి ఉంచు, వాటిలో ప్రాణవాయువు తక్కువ.

ఇంకొకటి. ఫోటోలో మూలన గవ్వలు కనిపించాయి, భీమిలి నుంచో రుషికొండ నుంచో తెచ్చి ఉంటావు. తీసేయి. గవ్వ మీద నిమ్మరసం చుక్క వేస్తే బుసబుస పొంగుతుంది, అది సున్నం. నెమ్మదిగా కరిగి పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) పెంచుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పోతే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది. విశాఖ ఎండలకు నీళ్లు 30 డిగ్రీలుంటే ఆ విషం ఇంకా ముదురుతుంది.

నీళ్లలో ఆ పాల తెలుపు వేరే రకం బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం. కొద్దిరోజుల్లో దానంతట అదే విరుగుతుంది, కానీ ఉన్నంతకాలం ప్రాణవాయువు తాగేస్తుంది. ఎయిర్ పంపు రాత్రీపగలూ ఆడనీ. మేత రెండు రోజులు మానెయ్, తర్వాత రోజుకొకసారి, రెండు నిమిషాల్లో తినేంత. పెద్ద చేపలు ఆకలికి చావవు, మిగిలిన మేతతోనే చస్తాయి.

రెండో వారం నుంచి నైట్రైటు పైకొస్తుంది. అప్పుడు మొప్పలు గోధుమరంగుకు తిరిగి చేప ఆయాసపడుతుంది. 100 లీటర్లకు 100 గ్రాముల కల్లుప్పు విడిగా కరిగించి పోయి, ఉప్పులోని క్లోరైడు నైట్రైటును మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. నీళ్లు మార్చినప్పుడు మార్చినంతకే ఉప్పు కలుపు, ఆవిరైన నీళ్ల బదులు పోసేటప్పుడు వద్దు.

తుపాన్ల కాలం కదా, బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టుకో. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటు రోజుల తరబడి రాలేదు. మూసిన ఫిల్టరు చాలా గంటలు ఆగితే లోపలి బ్యాక్టీరియా ఊపిరాడక చస్తుంది. కరెంటొచ్చాక ఫిల్టరులో నిలిచిన నీళ్లు పారబోశాకే ఆన్ చెయ్.

అమ్మోనియా, నైట్రైటు రెండూ వారం పాటు సున్నా చూపేదాకా కొత్త చేప ఒక్కటీ తేకు. రాత్రికి కిట్ రంగు చూసి, అంకె ఎంతో నాకు రాయి.

మామయ్య