లడ్లో ఊళ్లోని ఫెదర్స్ అనే పాత హోటల్ 1619 నుంచీ ఇన్‌గానే (ప్రయాణికుల బసగానే) నడిచిందా?

నడవలేదు. 1619 అనేది ఆ భవనం కట్టిన ఏడాది. ఇన్‌గా మారింది 1670 ప్రాంతంలో. అంతకుముందు అది రీస్ జోన్స్ అనే లాయరుగారి ఇల్లు.

ఆ ఊళ్లో లాయరుకి అంత సంపాదన ఎలాగంటే, కోట వల్ల. లడ్లో ఇంగ్లండ్‌లోదే అయినా వేల్స్ సరిహద్దుకు దగ్గర. వేల్స్‌నీ, సరిహద్దు ప్రాంతాన్నీ చూసుకునే కౌన్సిల్ ఈ కోటలోనే ఉండేది, అదే కోర్టు కూడా. వేల్స్ నలుమూలల నుంచీ కక్షిదారులు వ్యాజ్యాలు పట్టుకుని ఇక్కడికే వచ్చేవాళ్లు. ఓడినవాడు కోర్టులో, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడుస్తాడంటారు, మధ్యలో ప్లీడరు మేడ కడతాడు. మా నాన్నగారు మున్సిఫ్ కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. బర్మింగ్‌హామ్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన్ని లడ్లో తీసుకెళ్లాను. ఫెదర్స్ ముందు నిలబడి తలెత్తి చూసి, "ఇదంతా వాయిదాల డబ్బేరా" అన్నారు.

చూస్తే అలాగే ఉంటుంది. నల్లటి ఓక్ దూలాలు, మధ్యలో తెల్లటి పూత, పైన మూడు త్రికోణపు కప్పు ముఖాలు, ఖాళీ వదలకుండా చెక్కుడు పని. అందులోనే నిప్పుకోడి ఈకలు కనిపిస్తాయి, పేరు వచ్చింది వాటి నుంచే. అవి ప్రిన్స్ ఆఫ్ వేల్స్, అంటే ఇంగ్లండ్ యువరాజు చిహ్నం. 1616లో రాజుగారి కొడుకు చార్లెస్‌కి ఆ పదవి కట్టబెట్టినప్పుడు లడ్లోలో సంబరాలు చేశారు, మూడేళ్లకి ఈ ఇల్లు లేచింది. రాజభక్తి ఉండే ఉంటుంది గానీ, కోటలో పని పడేవాడికి ఆ ఈకలు మంచి బోర్డు కూడా!

1641లో కౌన్సిల్ అధికారాలకు కోత పడింది. 1660 తర్వాత మళ్లీ తెరిచినా పాత జోరు రాలేదు, 1689లో రద్దే చేశారు. ఇల్లు ఇన్‌గా మారింది సరిగ్గా ఆ దిగజారే రోజుల్లో. కోర్టు పలచబడ్డాక అంత పెద్ద ఇంటికి వేరే దారి వెతికారని నా అనుమానం.

వెళ్తే ముందు తలుపు చూడండి. ఇనుప మేకులు దిగ్గొట్టిన పాత తలుపు, తాళం పలక మీద "ఆర్. ఐ." అని ఉంటుంది. జోన్స్ పొడి అక్షరాలే, అప్పట్లో "జే"కి బదులు "ఐ" వేసేవారు. ముందున్న బాల్కనీ మాత్రం పాతది కాదు, 19వ శతాబ్దంలో తగిలించారు. ఫొటోల్లో అందరూ దాన్నే పట్టుకుంటారు. ష్రూస్‌బరీ, హెరెఫర్డ్ మధ్య తిరిగే రైళ్లు లడ్లోలో ఆగుతాయి, స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు.