రాళ్లలాంటి మొక్కకు నీళ్లెప్పుడు?

ప్రశ్న: మా లిథోప్స్ (గులకరాయిలా కనిపించే చిన్న మొక్క) చీలికలోంచి జనవరిలో కొత్త ఆకుల జత వచ్చింది. పాత జత ఇంకా బొద్దుగానే ఉంది. కొత్తది దాని నెత్తిన కూర్చున్నట్టుంది. వారానికోసారి నీళ్లు పోస్తున్నాను. మొక్క బాగున్నట్టేనా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: లేదండీ, వారం వారం పోసిన నీళ్ల ఫలితమే అది. లిథోప్స్‌లో ఏటా ఆకులు మారతాయి. చలికాలంలో కొత్త జత పాత ఆకుల్లోని నీటిని, పోషకాలను పీల్చుకుంటూ పెరుగుతుంది. పాతవి ముడతలు పడి, చివరికి ఉల్లిపొరలా ఎండిపోవాలి. ఆ నెలల్లో వేళ్లకు తడి తగిలితే పాత ఆకులు కరగవు, కొత్తవాటిని బిగించేస్తాయి.

ఇప్పుడు నీళ్లు పూర్తిగా ఆపండి. రెండు మూడు నెలలు పట్టినా కంగారు వద్దు. పాత ఆకుల్ని చేత్తో వలిచారో, ఆ గాయం దగ్గరే కుళ్లు మొదలవుతుంది. తాకితే కాగితంలా గరగరలాడాకే మళ్లీ తడి ఇవ్వాలి. అప్పటికి మీ ఊళ్లో ఎండలు ముదిరితే సాయంత్రం పూట కుండీ అంచున కొద్దిగా పోస్తే చాలు. మే నెలలో మొక్క నిద్రలో ఉంటుంది, దాని జోలికి పోవద్దు.

ప్రశ్న: నర్సరీ మట్టి, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) కలిపి లిథోప్స్ నాటాం. ముసురు పట్టిన వారంలో రాత్రికి రాత్రే గుజ్జయిపోయింది. ఎందుకు?
– ఓ పాఠకుడు, హనుమకొండ

జవాబు: దక్షిణాఫ్రికా, నమీబియాల్లోని గులకరాళ్ల నేలల్లో పుట్టిన మొక్క ఇది. వెచ్చటి రాత్రి, ఆరని మట్టి కలిస్తే వేరు కుళ్లుతుంది. ఆకు మెత్తబడ్డాక బతికించే మందు లేదు. ఆ మట్టిని కూడా పారేయండి.

ఈసారి ఎనిమిది పాళ్లు రాళ్ల సరుకు తీసుకోండి: 2–5 మిల్లీమీటర్ల ప్యూమిస్ (తేలికైన, రంధ్రాలున్న అగ్నిపర్వతపు రాయి) లేదా ఇటుక ముక్కలు, కడిగిన ముతక ఇసుక. సన్నపొడిని జల్లించి తీసేయాలి, నీళ్లు పట్టి ఉంచేది అదే. రెండు పాళ్లు ఆకుఎరువు. కోకోపీట్ అసలు వద్దు. తల్లివేరు లోతుకు పోతుంది కాబట్టి 10–12 సెంటీమీటర్ల లోతు కుండీ కావాలి. అందంగా ఉన్నాయని కొనే పళ్లెం కుండీలు దీనికి పనికిరావు. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు పడాలి. అది తక్కువైతే మొక్క పైకి సాగి, రాయి ఆకారం పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం పది గంటలు దాటాక 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. వానాకాలంలో పైన పారదర్శకమైన రేకు ఉంచి, చుట్టూ గాలి ఆడనివ్వండి. పక్కల ముడతలు ఉదయం కూడా అలాగే ఉంటేనే నీళ్లు పోయండి.

ప్రశ్న: పువ్వు పూసింది గానీ గింజ కట్టలేదు.
– ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: దీనికి తన పుప్పొడి పనికిరాదు. అదే జాతికి చెందిన మరో మొక్క అదే సమయానికి పూయాలి. పువ్వు మధ్యాహ్నం విచ్చుకుంటుంది కాబట్టి మెత్తటి కుంచెతో అప్పుడే పుప్పొడి మార్చండి. కాయ ఎండాక పగలగొట్టకండి. దాని మీద నీటి చుక్క వేస్తే అరలు వాటంతటవే తెరుచుకుంటాయి. మరో రెండు చుక్కలతో గింజల్ని తెల్ల కాగితం మీదికి కడిగేసుకోవచ్చు.