బెజవాడ ఎండలో వైన్ సీసా

గుంటూరు, బ్రాడీపేట

చి. కిరణ్‌కి మామయ్య ఆశీస్సులు.

ఆదివారం నీ స్నేహితుల్ని పటమటకి భోజనానికి పిలిచావనీ, నాలుగు సీసాల వైన్ కొని వంటింటి అటక మీద పెట్టావనీ మీ అమ్మ చెప్పింది. ముందు వాటిని అక్కణ్ణించి దించు. మే నెలలో బెజవాడ అటక మీద వైన్ ఉడికిపోతుంది. ముప్పై డిగ్రీలు దాటిన చోట కొన్ని వారాలుంటే పండు వాసన పోయి, ఉడకబెట్టిన ఎండుద్రాక్ష వాసన మిగులుతుంది. లోపలి ద్రవం వేడికి ఉబ్బి కార్కును పైకి నెడుతుంది. కార్కు అంచున జిగురుగా కారిన మరక కనిపిస్తే ఆ సీసాకి ఎండదెబ్బ తగిలిందని అర్థం. ఎండలో నిలిపిన కారు డిక్కీలో అయితే ఒక్క మధ్యాహ్నం చాలు. ఈ నాలుగూ ఫ్రిజ్ కింది అరలో పెట్టెయ్. కార్కు ఉన్నవి పడుకోబెట్టు, కార్కు ఎండితే గాలి దూరుతుంది. తిప్పి తీసే మూత ఉన్నవి ఎలా పెట్టినా ఒకటే. ఆ మూత చూసి చౌక సరుకనుకోకు, నాసిక్ నుంచి వచ్చే మంచి వైన్లలో చాలావాటికి అదే ఉంటుంది.

రెడ్ వైన్ గది వేడిలో తాగాలని ఎవరో చెప్పారన్నావు. ఆ మాట పుట్టింది యూరప్ చలిగదుల్లో, అక్కడ గది అంటే 16–18 డిగ్రీలు. మన గదిలో 34 ఉంటుంది, ఆ వేడిలో గ్లాసు ఎత్తగానే ముక్కుకి ఆల్కహాల్ ఘాటు తప్ప మరేదీ అందదు. ఫ్రిజ్‌లోంచి తీసిన రెడ్‌ని భోజనానికి అరగంట ముందు బయట పెట్టు, చాలు. వైట్ 8–10 డిగ్రీలుండాలి. ఎవరైనా వెచ్చటి సీసా పట్టుకొస్తే బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు వేసి మెడదాకా ముంచు. వైట్‌కి ఇరవై నిమిషాలు, రెడ్‌కి పది. ఒట్టి ఐసులో గుచ్చితే ముక్కల మధ్య గాలి ఉండి ఆలస్యమవుతుంది.

రుచి చెప్పడానికి ఇంగ్లీషు మాటల కోసం వెతుక్కోకు. ఉగాది పచ్చడి తిన్న నాలుకకి వగరు ఏమిటో తెలుసు. నేరేడు పండు తిన్నాక, వక్క నమిలాక నాలుక పట్టేసినట్టుంటుందే, రెడ్ వైన్‌లో టానిన్ అనేది అదే. రెడ్‌ని తొక్కలతో, గింజలతో కలిపి పులియబెడతారు, రంగూ వగరూ వాటిలోంచే దిగుతాయి. వైట్‌కి రసం పిండి తొక్కలు ముందే తీసేస్తారు కాబట్టి వగరు దాదాపు ఉండదు, పులుపే ముందుకొస్తుంది. రెంటినీ కలగలపకు: పులుపుకి నోరూరుతుంది, వగరుకి నోరెండుతుంది. ఒక గుక్క నోట్లో తిప్పి, మింగాక పది లెక్కపెట్టి, ఏది నిలిచిందో చూడు.

ఇక వంట. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా పొరబడతారు. గుంటూరు కారం మంటని ఆల్కహాల్ పెంచుతుంది, వగరు గరుకుగా చేస్తుంది. కోడి వేపుడు పక్కన 14 శాతం ఆల్కహాల్ ఉన్న కాబెర్నే సావిన్యోన్ అనే రెడ్ పెడితే చెవుల్లోంచి పొగలొస్తాయి, వైన్ రుచీ పోతుంది. దానికి కాస్త తీపి ఉన్న షెనిన్ బ్లాంక్ అనే వైట్ బాగా చల్లగా ఇవ్వు. గోంగూర మాంసానికి సావిన్యోన్ బ్లాంక్ అనే పుల్లటి వైట్ పెట్టు. కూర పులుపు కంటే వైన్ పులుపు తక్కువైతే నీళ్లు తాగినట్టుంటుంది. రెడ్ తీస్తానంటే కారం తగ్గించి, మిరియాలతో మటన్ వేయించు. కొవ్వూ మాంసమూ వగరుని మెత్తబరుస్తాయి, షిరాజ్ అనే రెడ్ అక్కడ హాయిగా కుదురుతుంది. మీగడ వేసిన ఉలవచారుకీ అదే. ఆవకాయ మాత్రం ఆ పూటకి బల్ల మీద వద్దు. పూతరేకులు తిన్నాక ఏ వైన్ అయినా పుల్లగా తోస్తుంది, సీసాలు ఖాళీ అయ్యాకే అవి తియ్యి.

పోసే ముందు నువ్వు వాసన చూడు. తడిసిన అట్టపెట్టె కంపు కొడితే కార్కు చెడింది, ఏం చేసినా బాగుపడదు, పారబొయ్. సాయంత్రం కల్లు మోస్తరుగా వెనిగర్ వాసనొస్తే గాలి తగిలింది. కాల్చిన అగ్గిపుల్ల వాసన మాత్రం గ్లాసులో రెండు నిమిషాలు తిప్పితే పోతుంది. అడుగున చక్కెర పలుకుల్లాంటివి కనిపిస్తే కంగారుపడకు, అవి ద్రాక్ష పులుపు చలికి గడ్డకట్టిన పలుకులు. నురగ వైన్ ఉంటే మూతని మనుషుల వైపు పెట్టకు, కారు టైరు కంటే రెండు మూడింతల ఒత్తిడి ఉంటుంది లోపల. మూతని గట్టిగా పట్టుకుని సీసాని తిప్పు.

గ్లాసులో మూడో వంతే పొయ్యి. 750 మిల్లీలీటర్ల సీసా ఆరుగురికి సరిపోతుంది. తాగనివాళ్లని బతిమాలకు, వాళ్లకి చల్లటి పానకం అదే గ్లాసుల్లో ఇవ్వు. బండి నడిపేవాడికీ అదే.

ద్రాక్ష కొని ఇంట్లోనే చేస్తానన్న ఆలోచన మానుకో. లైసెన్సు లేకుండా చేయడం నేరం. పైగా బండి మీద దొరికే తినే ద్రాక్షలో నీరెక్కువ, పులుపు తక్కువ, తొక్క పల్చన. లీటరు రసంలో 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది, 13 శాతానికి 220 గ్రాములుండాలి. తినే ద్రాక్షలో మామూలుగా అంత ఉండదు.

మిగిలిన రెడ్‌ని చిన్న సీసాలో గాలి లేకుండా నిండుగా పోసి ఫ్రిజ్‌లో పెట్టు, మూడు రోజులుంటుంది. సోమవారం రాత్రి ఒక గుక్క తాగి, వగరు ఎంత తగ్గిందో నాకు రాయి.

మీ మామయ్య